పెళ్లికూతురి నలభయ్యో రోజు

పోయిన వారం బొంకాను మనం ఎక్కడ వదిలేశాం? గోతి దగ్గర. చేతిలో పార, కంట్లో నీరు, నోట్లో తిట్టు. చెర్నా స్కాలా లోయలో ఎవరో విషం పూసి పడేసిన గొర్రెని తిని రాబందులు ఎక్కడివక్కడ కూలిపోయాయి. ఆ కొండల్లో తాతల కాలంలోనే అంతరించిపోయిన జాతి అది. పక్షుల్ని కాపాడే సంస్థవాళ్లు స్పెయిన్ నుంచి రాబందు పిల్లల్ని తెప్పించి, పెద్ద బోనులో పెంచి, రెక్కలకు అంకెల బిళ్లలు తగిలించి మళ్లీ ఆకాశానికి అప్పగించారు. వాటిలో ఊరంతా 'పెళ్లికూతురు' అని పిలిచే ఆడపక్షిని బొంకా తన చేత్తో మేపింది. ఇప్పుడు అదే చేత్తో పూడ్చింది.

విషం పూసిన గొర్రె చెవికి రెండు గాట్లున్నాయి. ఆ గాట్లు ఇగ్నాత్ మందవి. ఇగ్నాత్ ఎవరంటే, బొంకా పెళ్లిలో ఆమె నెత్తి మీద కిరీటం పట్టుకుని నిలబడ్డవాడు. ఆ ఊరి మాటలో 'కూమ్'. తోడబుట్టినవాడితో తగువాడొచ్చు గాని కూమ్ మీద చెయ్యెత్తితే ఏడు తరాలు చెట్టు కాయదట, గొడ్డు ఈనదట. "అయితే చెయ్యెత్తను, బ్రష్షెత్తుతా" అంది బొంకా. అక్కడ ఆగాం.

ఎత్తింది. పూడ్చిన నలభయ్యో రోజు తెల్లవారగానే జిగురు బకెట్టు పట్టుకుని వెళ్లి ఇగ్నాత్ ఇనప గేటుకి చావు కాగితం అంటించింది. ఆమె అంటించింది కాగితమే గాని, అంటుకున్నది ఊరు.

చావు కాగితం అంటే అక్కడ ప్రతి గేటుకీ, ప్రతి కరెంటు స్తంభానికీ ఉండేదే. చుట్టూ నల్ల గీత, మధ్యలో పోయినవాళ్ల ఫోటో, కింద నాలుగు మంచి మాటలు. పోయిన రోజున ఒకటి, నలభయ్యో రోజున ఒకటి, ఏడాదికొకటి. ఆ ఊళ్లో వీధుల్లో నడిచే బతికినవాళ్లకన్నా గేట్ల మీద వేలాడే పోయినవాళ్లే ఎక్కువ. ఎవరూ చింపరు. వానకు చిరగాలి, ఎండకు వెలవాలి, అంతే.

ఈ కాగితం మీద మాత్రం మనిషి లేడు. వంగిన ముక్కు, తెల్లని మెడ పట్టీ, కోపిష్టి కన్ను. కింద ఇలా ఉంది:

'మా పెళ్లికూతురు మమ్మల్ని విడిచి నలభై రోజులు. నీ నీడ పడని కొండ కొండ కాదు. నీకు విషం పెట్టినవాడికి నిద్ర పట్టకుండు గాక, పట్టినా తెల్లారకుండు గాక. దుఃఖిస్తున్నవారు: బొంకా, రాదోయ్, మిగిలిన రాబందులు.'

బొంకా అనుకున్నది ఒకటి. ఊరు వస్తుంది, చదువుతుంది, ఇగ్నాత్ మొహాన ఉమ్మేస్తుంది. జరిగింది ఇంకొకటి. ఊరు వచ్చింది గాని చదవలేదు. ఆ ఊళ్లో సగం మందికి కళ్లజోడు లేదు, ఉన్న సగానికి అది ఎక్కడ పెట్టారో గుర్తులేదు. పైగా చావు కాగితం చదవడానికేముంటుంది? గేటు ఎవరిది, నల్ల గీత కొత్తదా పాతదా, చూసుకుంటే చాలు. చూశారు. గబగబా ఇళ్లకెళ్లి తలో కొవ్వొత్తీ, చావింటికి తీసుకెళ్లే లెక్కన సరి సంఖ్యలో పూలూ పట్టుకుని నల్లబట్టల్లో వచ్చి ఇగ్నాత్ గేటు ముందు బారు తీరారు.

గేటు తీసింది ఇగ్నాత్ తల్లి మిత్రా అవ్వ. వయసు ఎంతో ఆమెకే తెలియదు, చెవుడు ఎంతో ఊరందరికీ తెలుసు.

"ఏంట్రా ఇంతమంది? పండగ రేపు కదా!"

"భగవంతుడు ఓర్పునివ్వాలి అవ్వా" అన్నాడు స్పాస్ తాత టోపీ తీసి. ఊరి కల్లు, ఊరి కబురు రెండూ ముందు ఆయన గొంతు దిగాకే మిగతావాళ్లకి. "మీ ఇంట్లో చావట కదా."

"ఎవరిది?"

స్పాస్ తాత కాగితం దగ్గరికి వెళ్లి, కళ్లు చికిలించి, ఫోటో చూశాడు. ఒకసారి అవ్వని చూశాడు. మళ్లీ ఫోటో చూశాడు.

"ముక్కు చూస్తే నీ పోలికే."

"నేనా!" అవ్వ గుండె మీద చెయ్యేసుకుంది. "నేను పోయానా? ఒరే ఇగ్నాత్! నాకొక్క మాట చెప్పలేదేరా!"

ఇగ్నాత్ పరుగెత్తుకొచ్చాడు. సగం మొహం గీసుకున్నాడు, సగం మొహం సబ్బు నురగ. మంచి పొడగరి, గొర్రెల మధ్య పెరిగి గొర్రెల్లాగే ముందు తల, వెనక ఆలోచన పెట్టుకుని నడుస్తాడు. కాగితం చదివాడు. అతనికి కళ్లజోడు అక్కర్లేదు. చదివాక మిగతా సగం మొహం కూడా తెల్లబడింది.

"ఎవరు పెట్టార్రా ఇది?"

"పెట్టింది నేను" అంది బొంకా, వీధి అవతల గోడ మీంచి దిగుతూ. "పెట్టేవాళ్లలో రెండు రకాలు కూమా. కొందరు కాగితం పెడతారు, కొందరు విషం పెడతారు."

బారులో ఉన్నవాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు. పోదామని కాదు, బాగా కనబడాలని.

"నా గేటు మీంచి ఇది పీకేస్తా" అన్నాడు ఇగ్నాత్.

"పీకు. చావు కాగితం పీకినవాడి కొంప ఏమవుతుందో మీ అమ్మనడుగు."

"వద్దురా నాయనా, పీకకు" అంది అవ్వ. "అసలే అది నాదంటున్నారు."

అప్పుడే సంస్థవాళ్ల రేకు బండి మలుపు తిరిగి వచ్చి చెట్టు నీడన ఆగింది. అందులోంచి బొంకా మొగుడు దిగాడు, ఉడకబెట్టి పంచదారా అక్రోటు పొడీ కలిపిన గోధుమల గిన్నె చంకలో పెట్టుకుని. పోయినవాళ్ల పేరు చెప్పి అది తలో చెంచా పంచాలి, తిన్నవాళ్లు 'దేవుడు క్షమించు గాక' అనాలి. పక్షికైనా సరే, లోటు జరగడానికి వీల్లేదని బొంకా తెల్లవారుజామునే వండింది. శ్రాద్ధం అంటే శ్రద్ధే కదా, పగ అంటే ఇంకా శ్రద్ధ.

ఈ మొగుడి పేరు రాదోయ్. ఏ తల్లి ఏ ముహూర్తాన పెట్టిందో గాని పేరుకు తగ్గట్టే బతికాడు. వంట? రాదోయ్. లెక్క? రాదోయ్. సంస్థవాళ్లు ఇద్దరికీ కలిపి ఉద్యోగమిచ్చి పక్షుల్ని గుర్తుపట్టడం నేర్పబోతే ఏడాదైనా ఇతనికి డేగకీ కొంగకీ తేడా తెలియలేదు. అందుకని బండి అప్పగించారు. ఊరూరా తిరిగి చచ్చిన గొడ్డూ గొర్రే ఎత్తుకొచ్చి కొండ మీది విందుచోటులో రాబందులకు వేయడం అతని పని. ఆలస్యమైంది ఇవాళ. చెమటలు కారుతున్నాయి. "దారి బాలేదే" అన్నాడు ఎవరూ అడక్కుండానే.

బొంకా అతన్ని చూడలేదు. ఆమె చూపు ఇగ్నాత్ మీంచి కదల్లేదు.

"రేపు గెర్గ్యోవ్‌దెన్" అంది. "కాపరుల పండగ. ప్రతి ఏడూ నువ్వు గొర్రెపిల్లల్ని కాలుస్తావు, ఊరంతా నీ బల్ల దగ్గర కూచుంటుంది, నువ్వు మధ్యలో పెళ్లికొడుకులా మీసం దువ్వుతావు. అవునా? చావు కాగితం ఉన్న ఇంట పండగ చేసుకుంటారా కూమా ఎక్కడైనా? ఒప్పుకో. 'విషం పెట్టింది నేనే' అని ఇంతమందిలో ఒక్క మాట చెప్పు, నా చేత్తో నేనే కాగితం తీస్తా. చెప్పవా, ఇది ఇక్కడే ఉంటుంది. రేపు నీ బల్ల ముందు నువ్వూ నీ బొమికలూ. నాకింకేం వద్దు."

స్పాస్ తాత పొట్ట నిమురుకున్నాడు. "ఇగ్నాత్, ఏమనుకోకు. రేపు నాకు కడుపులో బాగుండదు."

"నాకూ" అన్నారు ఇద్దరు ముగ్గురు.

ఆ మాట ఇగ్నాత్‌కి తగలరాని చోట తగిలింది. అతని మందని తోడేళ్లు పీక్కు తిన్నప్పుడు కూడా అలా కుంగలేదు.

"గొర్రె నాదే" అన్నాడు. గొంతు తగ్గింది. "కాదన్నానా ఎప్పుడైనా? తోడేలు కొట్టి చంపింది. చచ్చినదాన్ని మీకే ఇచ్చా. 'చచ్చినవి పారెయ్యకండి, మాకివ్వండి' అని గుమ్మం గుమ్మం తిరిగింది మీరే కదా? నీ మొగుడే వచ్చి కాళ్లు పట్టుకుని బండెక్కించుకున్నాడు."

"నేను నీ కాళ్లు పట్టుకున్నానా!" అన్నాడు రాదోయ్.

"నావి కాదు, గొర్రెవి!"

బారులో ఎవరో కిసుక్కుమన్నారు. కొవ్వొత్తి ఒకటి ఆరింది.

"నీ గొర్రె అసలు బండెక్కలేదని నా మొగుడు అప్పుడే చెప్పాడు" అంది బొంకా. "ఆయనకి అబద్ధం ఆడటం రాదు. అసలు ఏదీ రాదు."

"మా అమ్మ మీద ఒట్టు బొంకా!"

"నా మీద వద్దురా" అంది అవ్వ. "ఇవాళ నా మీద ఏమీ వేయకు."

ఇగ్నాత్ నురగ తుడుచుకున్నాడు. తుడిచిన చోట మొహం ముసలిదైపోయి ఉంది. "కిరీటం పట్టుకున్న చేతులివి" అన్నాడు, రెండు చేతులూ చాపి. "ఈ చేతులతో నీ పక్షికి విషం పెడతానా?"

"కిరీటం పట్టుకున్న రోజు నువ్వు తాగున్నావు. కిరీటం నా ముక్కు మీదికి దిగింది" అంది బొంకా. "రాదోయ్! నిలబడ్డావేం? పంచు. మొదటి చెంచా కూమ్‌కే."

మొదటి చెంచా గాల్లోకి లేచిందో లేదో, స్పాస్ తాత ఆకాశంలోకి చూసి టోపీ మళ్లీ తీశాడు.

"బొంకా. పరామర్శకి మీ వాళ్లు కూడా వచ్చారు."

వచ్చారు మరి. ఎండ పొద్దెక్కి, కొండచరియ కాగి, వేడి గాలి పైకి లేచే వేళ అది. రెక్క ఆడించకుండా తేలే పక్షులన్నీ ఆ గాలి మెట్లెక్కే వేళ. రాబందుల్ని ఎవరూ పిలవరు, 'రా బంధూ' అన్నా అనకపోయినా వస్తాయి. బొంకా కాళ్లు ఆమెనడక్కుండానే బండి దగ్గరికి వెళ్లాయి, చేతులు ముందు సీట్లోంచి దూరదర్శిని తీశాయి. మూడుకాళ్ల పీట వీధి మధ్యలో నాటింది. పగా, పరామర్శా ఎంత ముఖ్యమైనా పైన పక్షి ఉండగా కింద చూడటం ఆమెకి చేతకాదు. ఊరికీ చేతకాదు. ఈ పక్షులొచ్చాక చెర్నా స్కాలాలో ఆడే పందేలన్నీ అవే: అదేంటి, ఇదేంటి?

"ముందున్నది గద్ద. తోక పొడుగు చూడండి" అంది కన్ను అద్దానికి ఆనించి. "వెనకది నల్ల రాబందు. రెక్కలు బల్లలా చదునుగా పట్టింది. తలుపు ఊడి ఎగిరినట్టు లేదూ? మూడోది..."

మూడోది గోధుమరంగుది. పొట్టి తోక, రెక్కలు కొంచెం పైకెత్తి చేతులు జోడించబోయి మానేసినట్టు. సంస్థవాళ్లు వదిలిన జాతే. కానీ రెక్కల మీద బిళ్ల లేదు. వీపు మీద ఉండాల్సిన చిన్న పెట్టె, పక్షి ఎక్కడెక్కడ వాలిందో సంస్థకి కబురు పంపే పెట్టె, అదీ లేదు. ఒంటి మీద ఏ నగా లేని ఒట్టి పక్షి. అది నిదానంగా చుట్టు తిరిగి, ఒరిగి, అడుగు వైపు చూపించింది.

కుడి రెక్క చివర వేళ్లలా విచ్చుకున్న ఈకల్లో మూడోది తెల్లగా ఉంది.

బొంకా ఊపిరి అద్దం మీద పొగలా పట్టింది. తుడిచింది. మళ్లీ చూసింది. తెల్లది. బోనులో ఉండగా పిల్లప్పుడు రెక్క వలలో చిక్కుకుని చీరుకుపోయింది. బొంకాయే కుట్లు పడేదాకా ఒళ్లో పెట్టుకుంది. ఆ మచ్చ మీద మొలిచే ఈక ప్రతిసారీ తెల్లగానే వస్తుంది, రాలినా మళ్లీ తెల్లదే. చీకటి కోటు మీద తెల్ల రుమాలు. దాన్ని చూసే ఊరు పెళ్లికూతురని పేరు పెట్టింది.

పెళ్లికూతురు బతికే ఉంది. బతికి, తన నలభయ్యో రోజుకి తనే వచ్చింది.

అయితే గోతిలో ఎవరు? ఆ రోజు దొరికిన కళేబరానికి రెక్కల ఈకలన్నీ నక్కలు లాగేశాయి. తోలుకి బిళ్ల వేలాడుతోంది, పక్కన పెట్టె పడుంది. బిళ్ల మీద అంకె చూసింది, కూలబడి ఏడ్చింది, పూడ్చింది. కొత్తగా వచ్చే ప్రతివాడికీ 'ముందు పక్షిని చూడు, తర్వాత బిళ్లని చూడు' అని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టిన బొంకా, ఆ ఒక్కరోజు బిళ్లనే చూసింది.

బిళ్ల దానంతటది ఊడదు. తోలులోంచి గుచ్చి బిగిస్తారు. తీయాలంటే పక్షిని పట్టుకోవాలి, ఒళ్లో అదిమిపెట్టాలి, కత్తెరతో చీల తుంచాలి. పెళ్లికూతురు మనిషిని చూస్తే ముక్కుతో వేలు తెంపే రకం. దగ్గరికి రానిచ్చేది ఇద్దర్నే, రోజూ మాంసం తెచ్చిన ఇద్దర్ని. ఒకరు బొంకా.

రెండోవాడు పక్కనే గోధుమల గిన్నెతో నిలబడ్డాడు. డేగకీ కొంగకీ తేడా తెలియనివాడు. పక్షికి పేరంటే బిళ్లేననుకునేవాడు. బిళ్ల మారిస్తే పక్షి మారిపోతుందని నమ్మేవాడు. ఇగ్నాత్ గొర్రె బండెక్కలేదని ఒట్టేసినవాడు.

నలభై రోజులు ఇగ్నాత్ కోసం నూరి నూరి పెట్టుకున్న పగ ఒక్క క్షణంలో మొగుడి వైపు మొన తిప్పింది.

"ఏంటి బొంకా అది?" అన్నాడు ఇగ్నాత్. "మెడలు లాగుతున్నాయి, చెప్పరాదూ!"

బొంకా కన్ను తీయకుండానే వింది. గోధుమల చెంచా గిన్నె అంచుకి కొట్టుకోవడం ఆగిపోయింది. నిజం చెబితే? ఇగ్నాత్ గేటుకి స్వేచ్ఛ, రేపు అతని బల్లకి పండగ. రాదోయ్‌ని మాత్రం ఊరు పంచుకుంటుంది, తలో చెంచా. ఆ తర్వాత పోలీసులు, సంస్థవాళ్లు, వాళ్ల తర్వాత ఆమె వంతు. అప్పటికి గిన్నెలో ఏం మిగులుతుంది?

ఇంట్లో వండుకోవాల్సిన వంటని వీధిలో పంచడం ఆమెకి ఇష్టం లేకపోయింది.

పేరు బొంకా అయినా పక్షి విషయంలో ఆమె ఏనాడూ బొంకలేదు. కనబడకపోతే కనబడలేదంది, తెలియకపోతే తెలియదంది. ఇవాళ తల ఎత్తి, ఊరి మొహంలోకి చూసి, చక్కగా బొంకింది.

"పరాయిది. సెర్బియా వైపు నుంచి తోవ తప్పి వచ్చినట్టుంది. మనది కాదు."

పక్కన చెంచా మళ్లీ కదిలింది. "పోన్లే" అన్నాడు రాదోయ్, గట్టిగా ఊపిరి వదిలి. "నేనింకా... పోన్లే, పోన్లే. తీసుకోండి, తీసుకోండి." మొదటి చెంచా ఇగ్నాత్ చేతిలో వేశాడు, నిండుగా, తల వంచి.

ఇగ్నాత్ అది నోట్లో పెట్టుకోలేదు. బొంకానే చూస్తున్నాడు. పెళ్లిపీటల దగ్గర్నుంచి ఎరిగిన మొహం అది. అందులో ఏదో మారిందని పసిగట్టాడు, ఏంటో అందలేదు. "బొంకా, నా వైపు చూడు" అన్నాడు.

ఆమె చూడలేదు. చూస్తే చెప్పేస్తుంది. తప్పు చేయనివాడి బల్ల రేపు ఖాళీగా ఉంటుందని తెలుసు, అవ్వ ఒక్కతే అటు మూల ఇటు మూల కూర్చుని నింపలేదనీ తెలుసు. అయినా దూరదర్శిని మడిచి, మొగుడి చెయ్యి పట్టుకుంది. పెళ్లైన కొత్తలో పట్టుకున్నట్టు మెత్తగా.

"ఇంటికి పోదాం పద. నీకిష్టమైంది వండుతా. తాళాలివ్వు, బండి నేను తోలతా."

"ఎందుకే? నేను తోలతా."

"అలిసిపోయావు. చెమట చూడు ఎలా కారుతోందో. ఇవ్వు."

"బండి... పాడైంది."

"ఇప్పుడే కదా దాన్లో వచ్చావు?"

"ఇప్పుడే పాడైంది." రాదోయ్ చెయ్యి జేబులోకి వెళ్లింది, బయటికి రాలేదు. "నడిచిపోదాం. ఎంత దూరమని? నడిస్తే మంచిదంటారు కూడా."

చెట్టు నీడ జరిగిపోయింది. ఎండ నేరుగా బండి రేకు మీద పడుతోంది. వెనక తలుపుకి పాత తాళం కాక ఇంకో కొత్త తాళం వేలాడటం బొంకా అప్పుడే చూసింది. చచ్చిన గొడ్లని మోసే పెట్టెకి రెండు తాళాలెందుకు?

అప్పుడు లోపల్నుంచి చప్పుడొచ్చింది. దబ్. మళ్లీ దబ్. తడిసిన కంబళి దులిపినట్టు, వెడల్పుగా, బరువుగా, విప్పుకోవడానికి చోటు చాలనట్టు.

మిత్రా అవ్వకి తప్ప వీధిలో అందరికీ వినబడింది. ఏంటో తెలిసింది మాత్రం బొంకాకి. దానికి దూరదర్శిని అక్కర్లేదు, బిళ్ల అక్కర్లేదు. చచ్చిన గొడ్డుకి రెక్కలుండవు.

ఇగ్నాత్ చేతిలోని గోధుమలు నేల మీద పోసి, గేటు దాటి, బండి వైపు నడవడం మొదలుపెట్టాడు.